ఒక్క గది వెచ్చగా ఉంటే చాలు: చలికాలం ముందు మా ఇంటి పనుల డైరీ

చలికి 14 వారాల ముందు

పోయిన చలికాలంలో మంచు తుఫాను వచ్చి మూడు రాత్రులు కరెంటు పోయింది. మా ఇంట్లో వేడి మొత్తం కరెంటు మీదే. మొదటి రాత్రి మా వాడు సరదాపడ్డాడు, కొవ్వొత్తుల వెలుగులో నలుగురం కూర్చుని కబుర్లు చెప్పుకున్నాం. రెండో రోజు తెల్లారేసరికి హాల్లో థర్మామీటరు 10 చూపించింది, మూడో రోజు 7. అత్తయ్యకి 74 ఏళ్లు. ఆ పొద్దున ఆవిడ మంచినీళ్ల గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నా నీళ్లు ఒలికిపోతూనే ఉన్నాయి. పెద్దవాళ్లకి చలి పెద్దగా తెలియకుండానే ఒంట్లో వేడి తగ్గిపోతుందని, అది 35 డిగ్రీల కిందికి దిగితే ప్రాణాల మీదికొస్తుందని చదివి ఉన్నాను గానీ, ఆ చేతులు చూసేదాకా అది మా ఇంటి సంగతి అనుకోలేదు. వెనక బాత్రూంలో పైపు కూడా పగిలింది. మంచు కరిగి గోడంతా తడిసినప్పుడు గానీ ఆ విషయం తెలియలేదు.

అప్పుడే నిర్ణయించుకున్నాను. వచ్చే చలికాలానికి రెండు వారాలు కరెంటు లేకపోయినా, దుకాణానికి వెళ్లే దారి మూసుకుపోయినా, మేం నలుగురం ఇంట్లోనే క్షేమంగా ఉండగలగాలి. అది కూడా వీలైనంత వరకు ఇంట్లో ఉన్న వస్తువులతోనే.

ఇల్లంతా వెచ్చగా ఉంచాలన్న ఆలోచన మొదటి రోజే వదిలేశాను. మధ్య గదిలో పాత కట్టెల స్టవ్ ఉంది, చాలా ఏళ్లుగా వెలిగించలేదు. ఆ గదికి బయటి గోడలు రెండే, కిటికీలు రెండే. ఆ గది ఒక్కటి చూసుకుంటాం. ఇళ్లలో చలికాలం 18 డిగ్రీలైనా ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఉంది. అత్తయ్య ఉన్న గది 18 కింద ఉండకూడదు, ఇదే నా లెక్క.

పోల్చుకోవడానికి ఒక అంకె కూడా చేతిలో ఉంది. పోయిన చలికాలం చివర్లో, బయట 4 డిగ్రీలు ఉన్న ఒక రాత్రి, కావాలనే హీటర్లు ఆపేసి నలుగురం ఈ గదిలోనే పడుకున్నాం. రాత్రి తొమ్మిదికి 20, పొద్దున ఆరింటికి 11.5. తొమ్మిది గంటల్లో ఎనిమిదిన్నర డిగ్రీలు పోయాయి. చిల్లుకుండలో నీళ్లు పోస్తున్నట్టు మేం ఇన్నేళ్లూ ఈ గదికి వేడి పోశామన్నమాట. ఈ అంకె గోడ మీద పెన్సిలుతో రాసి పెట్టాను.

చలికి 13 వారాల ముందు

ఇంకా ఎండలు కాస్తున్నాయి, అయినా మొదటి పని కట్టెలే, ఎందుకంటే మిగతా పనులన్నీ ఆఖరి నెలలో పరుగులు పెట్టి అయినా చేసుకోవచ్చు, కట్టె మాత్రం మనం తొందరపడితే ఎండదు.

ఒకతను "బాగా ఎండిన కట్టె" అని చెప్పి ఒక లోడు దింపి వెళ్లాడు. చివర్లలో పగుళ్లున్నాయి, పైన చేత్తో తడిమితే పొడిగానే ఉంది. నేను కొత్తగా కొన్న అతి కొద్ది వస్తువుల్లో తేమ మీటరు ఒకటి. పైన గుచ్చితే 18 శాతం. సంబరపడ్డాను. మా ఆయన మాత్రం ఎందుకో ఒక మొద్దు తీసి గొడ్డలితో నిలువునా చీల్చారు, ఆ చీల్చిన ముఖం మీద గుచ్చితే 34. ఇంకో నాలుగు చీల్చి చూశాం, 31, 35, 33, 34. కట్టె కొనేవాళ్లందరికీ చేతులు పట్టుకుని చెప్పాలనుంది, పైన కొలవకండి, చివర కొలవకండి, అక్కడికక్కడే చీల్చి లోపలి ముఖం మీద కొలవండి. 20 లోపు ఉంటేనే స్టవ్‌లోకి వెళ్లాలి.

పచ్చి కట్టె కాలుతుంది కదా అంటే, కాలుతుంది. కానీ దాని వేడిలో కొంత ముందు లోపలి నీళ్లని ఆవిరి చేయడానికే పోతుంది. మిగిలిన వేడి తక్కువై మంట సరిగ్గా లేవదు, పొగ ఎక్కువ వస్తుంది, ఆ పొగ చల్లటి పొగగొట్టంలో తారులా పేరుకుంటుంది. ఒకరోజు ఆ తారే అంటుకుని గొట్టంలో మంటలు లేస్తాయి. ఇళ్లు కాలిపోయేది అలాగే. అందుకే ఆ లోడు మొత్తం చీల్చి, వచ్చే ఏడాది కోసం అని సుద్దముక్కతో రాసి, వెనక గోడ వైపు పేర్చాం. డబ్బు దండగ కాలేదు గానీ ఈ ఏడాదికి కట్టె లేదు.

అదృష్టం బాగుండి రెండు రోజులకే పక్కింటివాళ్లు ఏళ్ల కిందటే ఎండిపోయి నిలబడి ఉన్న చెట్టుని కొట్టించారు. కొమ్మలు మోసి వాళ్ల పెరడు శుభ్రం చేసిపెడితే మొద్దులు తీసుకోమన్నారు. మూడు రోజులు నలుగురం మోశాం, అత్తయ్య కూడా చిదుగులు ఏరి కట్టలు కట్టారు. లోపలి ముఖం 22 చూపించింది. నిలబడి ఎండిన చెట్టు కాబట్టి ఇంత తక్కువ, పచ్చి చెట్టు కొడితే బరువులో సగందాకా నీళ్లే ఉంటాయి.

పేర్చడంలో మేం పాటించింది ఇంతే. నేల మీద పాత చెక్క పట్టీలు పరిచి వాటి మీద పేర్చాం, నేల తడి ఎక్కకుండా. ఒకే వరస, గోడకి బెత్తెడు ఎడం. పైన మాత్రం రేకు కప్పాం, పక్కలు వదిలేశాం. మొదట మా ఆయన టార్పాలిన్ మొత్తం చుట్టేశారు, నాలుగు రోజులకి లోపల చెయ్యి పెడితే చెమ్మ, బూజు వాసన. కట్టెని ఆరబెట్టేది గాలే, దాన్ని మూసేస్తే ఆ కట్టె మగ్గిపోతుంది.

పాత చెక్క ప్యాలెట్లు కూడా ఎవరో ఇస్తామన్నారు. వాటి మీద ముద్ర చూసుకోవాలి. హెచ్‌టీ అని ఉంటే వేడితో శుద్ధి చేసినవి, అవి కాల్చుకోవచ్చు. ఎంబీ అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ అనే విష వాయువు పట్టించినవి, ఇంట్లోకే తేకూడదు. రంగులు వేసినవి, చెదల మందు పట్టించిన చెక్కలు కూడా అంతే. మాకు వచ్చిన ఆరింటిలో నాలుగే పనికొచ్చాయి, వాటిని చిదుగులుగా కొట్టాం.

చలికి 11 వారాల ముందు

ఈ వారం నాకు చాలా ఇష్టమైన పని. దొంగ సందులు వెతకడం.

గాలి బాగా వీచే రాత్రి చూసుకుని కిటికీలు, తలుపులు అన్నీ మూసేశాం. వంటగది ఎగ్జాస్ట్ ఫ్యాన్, బాత్రూం ఫ్యాన్ రెండూ వేశాం. ఇంట్లో గాలిని అవి బయటికి లాగేస్తుంటే దానికి బదులు ఏ సందు దొరికితే ఆ సందులోంచి బయటి గాలి లోపలికి దూరుతుంది. మామూలుగా కనిపించని సందులు కూడా అప్పుడు బయటపడతాయి. (స్టవ్ మండుతున్నప్పుడు ఈ పని చేయకూడదు, పొగ గదిలోకి వెనక్కి వస్తుంది.) మా వాడు వెలిగించిన ఊదుబత్తి పట్టుకుని గోడల వెంట మెల్లగా నడిచాడు, పొగ ఎక్కడ పక్కకి వంగితే అక్కడ నేను కాగితపు టేపు ముక్క అంటించాను. గంటన్నరలో 41 ముక్కలు అంటించాం.

కిటికీల దగ్గర ఉంటాయని తెలుసు. కానీ బయటి గోడకి ఉన్న ప్లగ్ పాయింట్లలోంచి గాలి వస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు, చెయ్యి పెడితే చల్లగా తగిలింది. గోడకీ నేలకీ మధ్య కొట్టే చెక్క పట్టీ కింద, మూలన మూడు అడుగుల పొడవున సందు. అన్నిటికంటే ఘోరం అటక తలుపు. చుట్టూ వేలు దూరేంత ఖాళీ.

అటకనే ముందు పట్టుకున్నాం. వేడి గాలి తేలిక, పైకి పోతుంది, పైన సందు దొరికితే బయటికి పోతుంది. అలా పోయినంత గాలీ కింది సందుల్లోంచి చల్లగా లోపలికి వస్తుంది. అంటే పాదాల దగ్గర తగిలే చలిగాలికి అసలు కారణం నెత్తిమీద ఉంది. అటక తలుపు అంచుల చుట్టూ ఫోమ్ టేపు అంటించి, తలుపు బిగిసి మూసుకునేలా రెండు కొక్కేలు పెట్టి, దాని వీపు మీద చినిగిపోయిన పరుపులోంచి తీసిన స్పాంజిని రెండు పొరలుగా కట్టాం. మర్నాడు అదే ఊదుబత్తి పరీక్ష చేస్తే కింద నేల పట్టీ దగ్గర పొగ వంగడం బాగా తగ్గింది, ఇంకా ఆ పట్టీని మేం ముట్టుకోనే లేదు!

ప్లగ్ పాయింట్లకి మెయిన్ ఆపేసి, ప్లేటు విప్పి, దాని వెనక పెట్టే సన్నటి ఫోమ్ రబ్బరు ముక్కలు పెట్టాం. నేల పట్టీకి సిలికాన్ సీలెంట్ సరిపోయింది. తలుపుల కింద సందులకి అత్తయ్య పాత జీన్స్ కాళ్లు కత్తిరించి, ఇసుక నింపి, రెండు వైపులా కుట్టి పాముల్లా చేసిపెట్టారు. బరువుగా ఉండి కదలవు. దుకాణంలో దొరికే తేలికవాటి కంటే ఇవి ఎంతో నయం.

ఒక సందు మాత్రం కావాలనే వదిలేశాం. స్టవ్ వెనక గోడలో గాలి రావడానికి పెట్టిన రంధ్రం. మంటకి గాలి కావాలి. ఇల్లు ఇంత బిగించాక దాన్ని కూడా మూసేస్తే మంట సరిగ్గా కాలక కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, తలనొప్పి, వికారం, మగత, అంతే, నిద్రలో ఉన్నవాళ్లు మళ్లీ లేవరు. అందుకే ఈ ప్రాజెక్టులో ఖర్చు గురించి ఆలోచించకుండా కొన్న వస్తువు ఒకటే, బ్యాటరీతో పనిచేసే కార్బన్ మోనాక్సైడ్ అలారం. రెండు కొన్నాం. బొగ్గుల కుంపటి, బయట వాడే గ్యాస్ హీటరు, జనరేటరు, ఇవేవీ ఎంత చలైనా గుమ్మం దాటి లోపలికి రాకూడదని అందరం ఒక మాట అనుకున్నాం.

చలికి 10 వారాల ముందు

పొగగొట్టం శుభ్రం చేసే మనిషి వచ్చారు. పైన పిట్టగూడు ఉంది, గొట్టం సగం పైగా మూసుకుపోయి ఉంది. చూడకుండా వెలిగించి ఉంటే పొగంతా గదిలోకే వచ్చేది. స్టవ్ తలుపు చుట్టూ బిగింపు కోసం ఉండే తాడు అరిగిపోయిందని చెప్పి మార్చారు. బూడిదకి మూత ఉన్న ఇనప బకెట్ తెచ్చి, ఇంటి బయట రాయి మీద దాని చోటు ఖాయం చేశాం. బూడిద పైకి చల్లగా కనిపించినా లోపల నిప్పు రోజుల తరబడి ఉంటుంది, ప్లాస్టిక్ బకెట్లో పోసి చెక్క నేల మీద పెట్టడమంటే కొరివి పెట్టినట్టే.

చలికి 8 వారాల ముందు

కిటికీలు. రెండూ ఒంటి అద్దంవి. ఒక్కోటి 1.7 చదరపు మీటర్లు. లోపల 18, బయట మైనస్ 12 ఉంటే ఒక్క కిటికీలోంచే సుమారు 280 వాట్లు బయటికి పోతాయి. ఊరికే కూర్చున్న మనిషి ఒంట్లోంచి వచ్చే వేడి 100 వాట్ల దాకా ఉంటుంది, అంటే మా నలుగురి ఒంటి వేడీ ఈ రెండు అద్దాలకి చాలదు. ఈ లెక్క వేసుకున్నాక మా ఆయన కూడా పని మీద పడ్డారు.

కొత్త కిటికీలు మా వల్ల కాదు. చట్రం మీద రెండు వైపులా అంటుకునే టేపు వేసి, సన్నటి పారదర్శక ప్లాస్టిక్ ఫిల్మ్ అంటించి, హెయిర్ డ్రయ్యర్‌తో వేడి గాలి కొడితే ముడతలు పోయి డప్పు తోలులా బిగుసుకుంటుంది. అద్దానికీ ఫిల్మ్‌కీ మధ్య కదలని గాలి పొర, 2 సెంటీమీటర్లు. పనంతా చేసేది ఆ కదలని గాలే. పోయే వేడి దాదాపు సగానికి తగ్గుతుంది.

మొదటి కిటికీ బాగా వచ్చింది. రెండోదాంట్లో వారం తిరక్కుండానే ఫిల్మ్ లోపల అద్దం నిండా చెమ్మ, కింద చట్రంలో నీళ్లు. కారణం వెతికితే ఒక మూల టేపు అంటుకోలేదు, గదిలోని తేమ గాలి ఆ సందులోంచి వెళ్లి చల్లటి అద్దానికి తగిలి నీరైంది. మొత్తం పీకి, చట్రాన్ని తుడిచి, రెండు రోజులు ఆరనిచ్చి, దుమ్ము లేకుండా స్పిరిట్‌తో తుడిచి మళ్లీ అంటించాను. ఇప్పుడు పొడిగా ఉంది. చెమ్మని అశ్రద్ధ చేయకూడదు, అది బూజవుతుంది, బూజు అత్తయ్య ఆయాసానికి చలి కంటే చెడ్డది. అందుకే గదిలో బట్టలు ఆరేయడం మానేశాం, వంట చేసేటప్పుడు గిన్నెలకి మూతలు, రోజూ పొద్దున ఐదు నిమిషాలు కిటికీ బార్లా తెరవడం. ఐదు నిమిషాల్లో గాలి మారుతుంది గానీ గోడల్లో వేడి పోదు. (ఫిల్మ్ వేసిన కిటికీలు తెరవలేం కాబట్టి ఇందుకు పక్క గది కిటికీ వాడుతున్నాం.)

పరదాల పని అత్తయ్యది. కొత్త బట్ట ఒక్క మీటరు కూడా కొనలేదు. ముందు పాత కర్టెన్, మధ్యలో చినిగిన ఉన్ని కంబళి, వెనక పాత దుప్పటి, మూడు పొరలు కలిపి బొంత కుట్టినట్టు కుట్టారు. "అమ్మాయ్, పరదా అద్దం ముందు వేలాడితే సరిపోదు, పైనా కిందా మూసుకోవాలి" అన్నారు, ఎంత నిజమో! అద్దం దగ్గర చల్లబడిన గాలి బరువెక్కి పరదా కిందినుంచి గదిలోకి జారుతుంది, దాని చోటులోకి పైనుంచి వేడి గాలి దిగుతుంది. పైన సందు మూస్తూ చెక్క పెట్టె లాంటిది కొట్టి, కింద అంచులో ఇసుక గొట్టం కుట్టేసరికి ఆ గాలి చక్రం ఆగింది. ఎండ వచ్చే కిటికీకి పగలు పరదా తీయాలి, పొద్దు వాలగానే వేసేయాలి. ఈ డ్యూటీ మా వాడిది.

చలికి 7 వారాల ముందు

పోయినసారి పగిలిన పైపు సంగతి. నీళ్లు గడ్డకట్టేటప్పుడు సుమారు 9 శాతం పెరుగుతాయి, ఇనప పైపైనా ఆ ఒత్తిడికి ఆగదు. బయటి గోడ వెంట ఉన్న పైపులన్నిటికీ ఫోమ్ తొడుగులు వేశాం, మలుపుల దగ్గర ముక్కలు ఏటవాలుగా కోసి టేపు చుట్టాం, ఖాళీ వదిలితే సరిగ్గా అక్కడే గడ్డకడుతుంది. సింకు కింద అల్మరా తలుపులు చలి రాత్రుల్లో తెరిచి ఉంచాలి. తోట గొట్టం విప్పేసి లోపల పెట్టాం.

ఇంటికి నీళ్లు వచ్చే మెయిన్ వాల్వు తిప్పి చూద్దామని వెళ్తే అది కదలనే లేదు! ఏళ్లుగా ఎవరూ తిప్పలేదు. పైపు పగిలిన రాత్రి ఇది తెలిసి ఉంటే మా పరిస్థితి ఏమిటని గుండె ఝల్లుమంది. ప్లంబరుని పిలిచి కొత్తది వేయించాం, దాని కింద నీళ్లు వదిలేసే చిన్న కుళాయి కూడా. ఇప్పుడు వాల్వు కట్టేసి, కుళాయిలన్నీ తెరిచి, ఇంట్లో పైపులు ఖాళీ చేయడానికి 12 నిమిషాలు పడుతోంది. మా వాడితో సహా అందరం ఒక్కోసారి చేసి చూశాం.

తాగడానికి, కాస్త వంటకి మనిషికి రోజుకి 4 లీటర్లు. నలుగురికి 14 రోజులకి 224. 20 లీటర్ల క్యాన్లు 12 నింపాం. గదిలో ఉన్నవి నిండుగా, చల్లటి స్టోర్ రూంలో ఉన్నవి పై పది శాతం ఖాళీగా, గడ్డకట్టినా పగలకుండా. నింపిన తారీకు రాశాం, ఆరు నెలలకొకసారి మార్చాలి. టాయిలెట్ కోసం వేరే రెండు డ్రమ్ములు.

చలికి 5 వారాల ముందు

తిండి. దీని గురించి ఎక్కువ హైరానా పడలేదు, మేం రోజూ తినేవే రెండు వారాలకి ఎక్కువ ఉంచుకున్నాం, పాతవి ముందు వాడుకుంటూ కొత్తవి వెనక పెడుతున్నాం. తినని వస్తువులు కొని దాచడం నాకు నచ్చని పని.

వెనక స్టోర్ రూం వేడి లేనిది, ఇప్పుడు 3 నుంచి 7 డిగ్రీల మధ్య ఉంటోంది. క్యారెట్లు, బీట్‌రూట్లు ఆకులు తెంపేసి, కడక్కుండా, ఒకదానికొకటి తగలకుండా తడి ఇసుకలో పొరలు పొరలుగా పెట్టాను. మొదటి పెట్టెలో ఇసుక మరీ తడిగా కలిపాను, పదిహేను రోజులకి అడుగున నాలుగు కిలోలు కుళ్లిపోయాయి. ఇసుక పిడికిట్లో పిండితే ముద్ద కట్టాలి, నీటి చుక్క రాలకూడదు. బంగాళాదుంపలు గోనె సంచిలో చీకట్లో, వెలుతురు తగిలితే ఆకుపచ్చబడి విషం పుడుతుంది. ఉల్లిపాయలు మాత్రం పొడిగా, గాలి ఆడేలా వేలాడదీశాం. ఆపిల్స్ వేరే గదిలో. వాటిలోంచి వచ్చే ఎథిలిన్ వాయువు క్యారెట్లని చేదెక్కిస్తుంది. గుమ్మడికాయలకి అంత చలి పడదు, 10 డిగ్రీల పైన ఉండాలి, అవి మంచం కింద ఉన్నాయి.

కూరగాయలు సీసాల్లో పెట్టి మూతలు బిగించే పని నేను పెట్టుకోలేదు. పులుపు తక్కువగా ఉన్నవాటిని మరిగే నీళ్లలో ఎంతసేపు ఉంచినా బొటులిజం అనే ప్రాణాంతకమైన ఆహార విషబాధని తెచ్చే బ్యాక్టీరియా బీజాలు చావవు, దానికి 116 డిగ్రీలు దాటించే ప్రత్యేకమైన ప్రెషర్ క్యానర్ కావాలి. మా దగ్గర అది లేదు.

ఈ వారం నాకు నిజంగా ఉత్సాహం ఇచ్చింది వేడి పెట్టె. అట్టపెట్టెలో అడుగున, చుట్టూ పాత ఉన్ని స్వెట్టర్లు కుక్కి, మధ్యలో గిన్నె పట్టేంత గూడు చేశాను. నానబెట్టిన రాజ్మాని కొత్త నీళ్లలో పొంగు వచ్చాక 15 నిమిషాలు బాగా మరిగించి, మూతతో సహా గూట్లో పెట్టి, పైన దిండు వేసి కట్టేశాను. ఐదు గంటల తర్వాత తీస్తే మెత్తగా ఉడికి ఉన్నాయి, థర్మామీటరు 72 చూపించింది. స్టవ్ మీద గంటకు పైగా ఉడకాల్సింది పావుగంట మంటతో అయిపోయింది. రాజ్మాని మాత్రం కనీసం 10 నిమిషాలు పూర్తిగా మరిగించాకే పెట్టెలోకి పంపాలి, సరిగ్గా మరగని గింజల్లో ఉండే లెక్టిన్ వాంతులు, విరేచనాలు తెప్పిస్తుంది. తీసినప్పుడు 60 కింద ఉంటే మళ్లీ మరిగించి తినాలి. గిన్నె నిండుగా ఉంటే వేడి బాగా నిలుస్తుంది, సగం గిన్నెతో చేసినప్పుడు 58కి పడిపోయింది.

చలికి 4 వారాల ముందు

వెలుతురుకి, ఫోన్లకి 100 యాంపియర్-గంటల 12 వోల్టుల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ. సుమారు 1200 వాట్-గంటలు. మూడు 5 వాట్ల ఎల్ఈడీ బల్బులు రోజుకి ఐదు గంటలు, నాలుగు ఫోన్లు, ఇంటర్నెట్ పెట్టె ఆరు గంటలు, అన్నీ కలిపి 190 దాకా వస్తోంది, అంటే ఆరు రోజులు. చిన్న సోలార్ పలక ఎండ ఉన్నరోజు కాస్త నింపుతుంది. సున్నా డిగ్రీల కింద ఈ బ్యాటరీని చార్జ్ చేస్తే లోపల పాడైపోతుంది, కాబట్టి దాన్ని షెడ్డులో పెట్టకుండా మాతో పాటు వెచ్చటి గదిలోనే ఉంచాం.

చలికి 3 వారాల ముందు

ఎన్ని కట్టెలు కావాలన్నది ఇన్నాళ్లూ ఊహే. ఈ వారం కొలిచాను, పద్ధతి చాలా సులువు. గదిలో మామూలు కరెంటు హీటరు పెట్టి, దాన్ని 18 దగ్గర ఆగేలా సెట్ చేసి, ప్లగ్గుకీ హీటరుకీ మధ్య యూనిట్లు చూపించే చిన్న మీటరు పెట్టాను. బయట 3 డిగ్రీలు, పది గంటల్లో 8.4 యూనిట్లు. అంటే 15 డిగ్రీల తేడాని నిలపడానికి గంటకి 0.84 యూనిట్. బయట మైనస్ 12 అయితే తేడా రెట్టింపు, గంటకి 1.68, రోజుకి 40 యూనిట్లు.

ఎండిన కట్టె కిలోకి సుమారు 4 యూనిట్ల వేడి ఉంటుంది, మా స్టవ్‌లో అందులో 70 శాతం గదిలోకి వస్తుందనుకుంటే 2.8. రోజుకి 14 కిలోల పైచిలుకు. 20 చీలికలు తూకం వేస్తే 26 కిలోలు, అంటే రోజుకి 11 చీలికలు, రెండు వారాలకి 154. మా దగ్గర ఈ ఏడాదికి పేర్చినవి 360. లోపలి ముఖం ఇప్పుడు 17 చూపిస్తోంది. ఈ అంకెలు వచ్చాక చాలా నెలల టెన్షన్ ఒక్క సాయంత్రంలో దిగిపోయింది. సందులు మూయకముందు ఉన్న గదికైతే దీనికి దాదాపు రెట్టింపు కట్టె కావలసి వచ్చేది, అది కొట్టే ఓపిక గానీ పేర్చే చోటు గానీ మాకు లేవు.

చలికి వారం ముందు

మళ్లీ పరీక్ష రాత్రి. ఈసారి మెయిన్ స్విచ్చే ఆపేశాం. స్టవ్ వెలిగించలేదు, గది ఒక్కటే ఎంత నిలుస్తుందో చూడాలని. బయట 2 డిగ్రీలు, పోయినసారి కంటే రెండు తక్కువ. అదే గది, అదే నలుగురం.

అత్తయ్య మంచం బయటి గోడ నుంచి లోపలి గోడకి జరిపాం. పరుపు మీద కంబళి, పైన రెండు, ఎందుకంటే కిందినుంచి వచ్చే చలిని పైన ఎన్ని కప్పినా ఆపలేం. మంచం చుట్టూ దుప్పట్లతో తెర కట్టాం, తల వైపు గాలి ఆడేలా వదిలి. వేడినీళ్ల సంచి పడుకోవడానికి పావుగంట ముందే పక్కలో పెట్టాం, మరిగే నీళ్లు కాకుండా, గుడ్డ చుట్టి. తలకి ఉన్ని టోపీ.

రాత్రి తొమ్మిదికి 20. పన్నెండున్నరకి నాకు మెలకువ వచ్చింది, 17.8. మూడింటికి 16.2. ఆరింటికి 14.5. పోయినసారి ఎనిమిదిన్నర డిగ్రీలు పోతే ఈసారి బయట ఇంకా చలిగా ఉండి కూడా ఐదున్నరే. అత్తయ్య తెర లోపల పెట్టిన చిన్న థర్మామీటరు 17.6 చూపించింది. ఆవిడ ఇంకా నిద్రలోనే ఉన్నారు, చెయ్యి పట్టుకుని చూశాను, వెచ్చగా ఉంది.

ఆరుంపావుకి మా వాడు చిదుగులు పేర్చి స్టవ్ రాజేశాడు. నలభై నిమిషాలకి గది 18 దాటింది, గంటంపావుకి 20. అలారాలు రెండూ సున్నా. అత్తయ్య లేచి, దానిమీదే నీళ్లు కాచుకుని, గ్లాసు ఒంటి చేత్తో పట్టుకుని కిటికీ దగ్గరికి వచ్చి కూర్చున్నారు.

మిగిలినవి మూడు పనులు. వెనక బాత్రూం పైపులు మొదటి గడ్డకట్టే రాత్రికి ముందే ఖాళీ చేసేయాలి, చలికాలం అంతా ఆ బాత్రూం వాడం. రాత్రి ఊదుబత్తి మళ్లీ తిప్పితే తలుపు గడియ దగ్గర పొగ వంగింది, అక్కడ ఫోమ్ ముక్క కావాలి. వరండాలోకి మూడు రోజుల కట్టె, చిదుగులు మోసి పెట్టాలి, మంచు పడ్డాక వెనక పెరట్లోకి పార పట్టుకుని వెళ్లే అవసరం రాకుండా. మోత రేపు పొద్దున్నే మొదలు పెడతాం.